క్రీస్తుతో కూడా చనిపోయాం అంటే అసలు అర్థమేంటి? రోమా ఆరో అధ్యాయం కొంచెం నెమ్మదిగా

మన సంఘాల్లో తరచుగా వినబడే మాట ఒకటుంది, "పాపానికి చనిపోవాలి బ్రదర్" అని. ఆదివారం పాస్టర్ గారు చెప్తారు, ఉజ్జీవ కూటాల్లో చెప్తారు, యూత్ మీటింగ్‌లో అయితే గట్టిగా అరిచి మరీ చెప్తారు. విన్నవాళ్ళు ఆ రాత్రి ఏడ్చి ప్రార్థన చేసుకుంటారు, డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో వాగ్దానం కార్డు చేత్తో పట్టుకుని ఈ ఏడాది నుంచి ఇక మారిపోతాను ప్రభువా అని తీర్మానం చేసుకుంటారు, సంక్రాంతి వచ్చేసరికి మళ్ళీ అదే కోపం, అదే అబద్ధం, రాత్రి పూట ఫోన్‌లో అదే చూడటం. అప్పుడేమనిపిస్తుందంటే నేనింకా సరిగ్గా చావలేదేమో, ఇంకొన్ని ఉపవాసాలు ఉండాలేమో అని. ఎంతోమంది మంచి విశ్వాసులు ఏళ్ళ తరబడి ఇలా చావడానికి ప్రయత్నిస్తూనే అలసిపోతున్నారు, అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే ఈ విషయం మీద అందరికంటే ఎక్కువ రాసిన అపొస్తలుడు పౌలు, బైబిల్లోని రోమా పత్రిక ఆరో అధ్యాయంలో "మీరు చావండి" అని ఎక్కడా అనలేదు. "మీరు చనిపోయారు" అన్నాడు. జరిగిపోయిన సంగతిగా చెప్పాడు. ఈ తేడా దగ్గరే అంతా ఉంది.

అసలు ఈ మాట ఎక్కడ మొదలైందో చూద్దాం. క్రీ.శ. 57 ప్రాంతంలో పౌలు కొరింథులో గాయి అనే ఆయన ఇంట్లో ఉండి, తాను ఇంకా చూడని రోమా సంఘానికి ఈ పత్రిక చెప్తుంటే తెర్తియు అనే ఆయన రాశాడు, కెంక్రేయ సంఘంలో పరిచర్య చేసే ఫీబే అనే సోదరి దాన్ని పట్టుకెళ్ళిందని ఎక్కువమంది అనుకుంటారు. ఐదో అధ్యాయం చివర్లో పాపం ఎక్కడ ఎక్కువైందో అక్కడ కృప ఇంకా ఎక్కువైంది అంటాడు. వెంటనే ఎవరికైనా డౌట్ వస్తుంది కదా, అయితే ఇంకా పాపం చేస్తే ఇంకా కృప వస్తుందిగా అని. ఆ ప్రశ్న పౌలే వేసుకుని "అట్లనరాదు. పాపము విషయమై చనిపోయిన మనము ఇకమీదట ఏలాగు దానిలో జీవించుదుము?" అని జవాబు చెప్తాడు. గమనించండి, ఇక్కడ ఆయన నరకం చూపించి భయపెట్టలేదు, సిగ్గుపడండి అని తిట్టలేదు, మీరెవరో మీకు గుర్తు చేస్తాను రండి అన్నట్టు మాట్లాడాడు.

సరే, కానీ నేను చనిపోయింది ఎప్పుడు? యేసు ప్రభువు సిలువ మీద చనిపోయింది రెండు వేల ఏళ్ళ కింద యెరూషలేము బయట, నేను పుట్టింది నిన్న మొన్న, మరి ఆయనతో కూడా నేనెలా చస్తాను? ఇది తెలివితక్కువ ప్రశ్న కాదు, ఇది అడగకుండా ఆమెన్ అనేసేవాళ్ళకే తర్వాత కష్టమవుతుంది. దీనికి జవాబు మెస్సీయ అంటే ఎవరో అనే దాంట్లో ఉంది. క్రీస్తు అన్నా మెస్సీయ అన్నా ఒకటే, అభిషేకం పొందిన రాజు అని, ఆ కాలంలో రాజు అంటే ఊరికే పాలించేవాడు కాదు, తన జనాన్నంతా తనలో మోసేవాడు. మొదటి సమూయేలు 17లో ఫిలిష్తీయుల వీరుడు గొల్యాతు ఇశ్రాయేలీయులతో ఏమన్నాడు? మీలో ఒకణ్ణి పంపండి, వాడు నన్ను చంపితే మేము మీకు దాసులమవుతాం, నేను వాణ్ణి చంపితే మీరు మాకు దాసులు అన్నాడు. అప్పటికే అభిషేకం పొందిన దావీదు ఒక్కడే లోయలోకి దిగాడు. కొండ మీద వణుకుతూ నిలబడ్డ ఇశ్రాయేలీయుల్లో ఒక్కడు కూడా రాయి విసరలేదు, అయినా రాయి తగిలిన క్షణంలో గెలిచింది వాళ్ళందరూ. వాళ్ళు తర్వాత పరుగెత్తి ఫిలిష్తీయుల్ని తరిమారు నిజమే, కానీ గెలవడం కోసం తరమలేదు, గెలిచారు కాబట్టి తరిమారు.

పౌలు ఐదో అధ్యాయంలో ఆదామునీ క్రీస్తునీ పక్కపక్కన పెట్టింది ఇందుకే. ఒకడు చేసింది అతనిలో ఉన్న అందరికీ చెందుతుంది. ఆదాములో ఉండటానికి మనం ఏ ప్రయత్నమూ చేయలేదు, పుట్టాం అంతే, అతని పతనం మన కథ అయిపోయింది. అలాగే విశ్వాసంతో క్రీస్తులోకి వచ్చినవాడికి క్రీస్తు చావు తన చావు, క్రీస్తు లేవడం తన లేవడం. రెండో కొరింథీయుల్లో ఇంకా సూటిగా, అందరి కోసం ఒకడు చనిపోయాడు కాబట్టి అందరూ చనిపోయినట్టే అని రాస్తాడు. హెబ్రీ పత్రికలో కూడా ఇదే పద్ధతి కనిపిస్తుంది, అబ్రాహాము యాజకుడైన మెల్కీసెదెకుకి దశమభాగం ఇచ్చినప్పుడు అప్పటికి పుట్టని అతని మునిమనవడు లేవి కూడా ఇచ్చినట్టే అని ఉంది. మనలాంటి ఈ కాలం మనుషులకి ఇది కొంచెం మింగుడుపడదు, ఎవరి లెక్క వాళ్ళదే అని అలవాటైపోయింది కదా, బైబిల్ మాత్రం మొదటి నుంచి చివరి దాకా తలగా ఉన్న ఒక్కడిలో చాలామందిని చూస్తుంది.

ఆ చావుని మన ఒంటి మీద ముద్రలా వేసేదే బాప్తిస్మం. మన వైపు ముంచి ఇచ్చే బాప్తిస్మం చూసినవాళ్ళకి ఇది వివరించక్కర్లేదు. కాలవలోనో చెరువులోనో, ఇప్పుడైతే చర్చిలో కట్టిన తొట్టిలోనో నడుము లోతు నీళ్ళు, తెల్లబట్టలు, పాస్టర్ గారు ఒక చేత్తో ముక్కు దగ్గర కర్చీఫ్ పట్టి ఇంకో చెయ్యి వీపు వెనక పెట్టి తండ్రి యొక్క కుమారుని యొక్క పరిశుద్ధాత్మ యొక్క నామములోకి అంటూ వెల్లకిలా పడుకోబెట్టినట్టు నీళ్ళలోకి దించుతారు. ఒక్క సెకను మనిషి కనబడడు. మన మనిషి బరువంతా ఆ చేతుల మీదే ఉంటుంది, తనంతట తాను చేసేదేం లేదు. సమాధిలో పెట్టేది కూడా అలాగే కదా, చచ్చినవాడు తన్ను తాను పాతిపెట్టుకోలేడు. పౌలు "ఆయన మరణములోనికి బాప్తిస్మము" అని, "ఆయనతోకూడ పాతిపెట్టబడితిమి" అని అన్నది ఈ బొమ్మనే. చిలకరింపు బాప్తిస్మం తీసుకున్న సంఘాల వాళ్ళకి కూడా అర్థం ఇదే, నీళ్ళు ఎన్ని అన్న వాదనలోకి నేనిప్పుడు వెళ్ళను.

తెలుగు నేల మీద ఈ మాట ఎలా పనిచేసిందో చెప్పకుండా ఉండలేను. 1876-78 ధాత కరువులో ఒంగోలు వైపు జనం పిట్టల్లా రాలిపోతుంటే బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలవ తవ్వకం పనిలో కొంత కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి పని పెట్టాడు. కూడు కోసం బాప్తిస్మం తీసుకున్నారనే మాట రాకూడదని కరువు నడిచినంత కాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వకుండా ఆపాడు. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది, ఇచ్చింది మన తెలుగు బోధకులే. అందులో ఎక్కువమంది మాదిగ కుటుంబాల వాళ్ళు. ఊరికి తిరిగొచ్చాక వాళ్ళు ఏం చేశారనేది నాకు ముఖ్యం. చచ్చిన గొడ్డు మాంసం తినం అన్నారు, జాతరకి డప్పు కొట్టం అన్నారు, ఆదివారం పనికి రాం అన్నారు. కరణాలు, ఊరి పెద్దలు ఒత్తిడి పెట్టారు, ఇబ్బందులు పెట్టారు. వేదాంతం పుస్తకాలు చదివినవాళ్ళు కాదు వాళ్ళు, ఎక్కువమందికి అక్షరం ముక్క రాదు, కానీ నీళ్ళలో దిగిన పాత మనిషి మీద ఊరికి ఉన్న హక్కు అక్కడే పోయిందని వాళ్ళకి అర్థమైంది. రోమా ఆరు వాళ్ళకి చదవకుండానే తెలుసు అనిపిస్తుంది నాకు.

ఇప్పుడు అసలు చిక్కు. "పాపానికి చనిపోయాం" అంటే ఏంటి? మన ప్రసంగాల్లో ఒక ఉదాహరణ చెప్తుంటారు, శవాన్ని తిట్టినా కోపం రాదు, శవం ముందు బిర్యానీ పెట్టినా నోరూరదు, నువ్వూ పాపానికి అలా అయిపోవాలి అని. చెప్పేవాళ్ళ ఉద్దేశం మంచిదే కానీ ఈ ఉదాహరణ చాలామందిని నిరాశలోకి తోసేసింది, ఎందుకంటే బాప్తిస్మం తీసుకున్నాక కూడా తిడితే కోపం వస్తుంది, చూస్తే ఆశ పుడుతుంది, అంటే నేను చావనే లేదు అని లెక్క తేలుతుంది. కానీ పౌలు అదే అర్థంలో అని ఉంటే వెంటనే పన్నెండో వచనంలో శరీర దురాశలకి లోబడొద్దు, పాపాన్ని మీ శరీరంలో ఏలనివ్వొద్దు అని ఎందుకు చెప్తాడు? శవానికి అలాంటి జాగ్రత్తలు ఎవరూ చెప్పరు. దురాశలు ఇంకా ఉంటాయి, లాగుతాయి అని ఆయనకి తెలుసు.

ఇంకో గట్టి ఆధారం పదో వచనంలోనే ఉంది, చాలామంది దాన్ని దాటేసి పదకొండుకి వెళ్ళిపోతారు. అక్కడ క్రీస్తు గురించి కూడా సరిగ్గా అదే మాట, ఆయన పాపము విషయమై ఒక్కమారే చనిపోయెను అని. మరి క్రీస్తులో చెడ్డ కోరికలు ఉండి, సిలువ మీద అవి చచ్చిపోయాయా? అలా ఎవరూ అనరు, ఆయనలో పాపమే లేదు. అయితే ఆయన పాపం విషయమై చనిపోవడం అంటే, మన పాపానికి రావాల్సిన మరణం అంతా మీద వేసుకుని పూర్తిగా చెల్లించేశాడు, ఇక పాపానికి మరణానికి ఆయన మీద అడగడానికి ఏమీ మిగల్లేదు, లేచిన ఆయన వాటి ఏలుబడి దాటి అవతలికి వెళ్ళిపోయాడు. "అటువలె మీరును" అన్నాడు కాబట్టి మన విషయంలోనూ అదే అర్థం పెట్టుకోవాలి. మనలో కోరిక చచ్చిపోయిందని కాదు, పాపానికి మన మీద ఉన్న యజమాని హక్కు చచ్చిపోయింది. పాపం ఇంకా బతికే ఉంది, అరుస్తుంది, పిలుస్తుంది, కానీ ఇప్పుడది మన యజమాని కాదు.

రోమాలో ఈ పత్రిక విన్నవాళ్ళకి ఇది ఎంత సూటిగా తగిలి ఉంటుందో ఆలోచించండి. పదహారో అధ్యాయంలో వందనాలు చెప్పిన పేర్లలో అంప్లీయతు, ఊర్బాను, హెర్మే, పెర్సిసు లాంటివి ఆ కాలంలో బానిసలకీ విడుదలైన బానిసలకీ ఎక్కువగా ఉండే పేర్లు, నార్కిస్సు ఇంటివారు, అరిస్టొబూలు ఇంటివారు అన్నది కూడా ఆ పెద్దింటి బానిసల గురించే అయి ఉండొచ్చని పండితులు అంటారు. సిలువ బానిసల చావు. క్రీ.పూ. 71లో స్పార్టకస్ తిరుగుబాటు అణిచాక దాదాపు 6,000 మంది బానిసల్ని కపువా నుంచి రోమా దాకా రోడ్డు పొడవునా సిలువ వేశారు, ఆ భయం ఆ ఊరి జ్ఞాపకంలో ఉండే ఉంటుంది. బానిసకి యజమాని నుంచి తప్పించుకునే ఖాయమైన దారి ఒక్కటే, చావు. చనిపోయిన బానిసని ఎవరూ పనికి పిలవలేరు, అమ్మలేరు. పౌలు వాళ్ళకి చెప్తున్నాడు, మీ పాత మనిషి క్రీస్తుతో పాటు సిలువ మీద చనిపోయాడు, మీ పాత యజమానికి మీ మీద కాగితం చెల్లదు, పైగా మీరు ఇప్పుడు లేచి ఇంకో ఇంట్లో ఉన్నారు. బానిసకి ఇంతకంటే మంచి వార్త ఏముంటుంది.

మరి చెల్లదు అన్నప్పుడు మళ్ళీ ఎందుకు పడిపోతున్నాం? మన దగ్గర వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లో వచ్చింది, అప్పులు మాఫీ, వెట్టివాళ్ళందరూ విడుదల అని రాసేశారు. కాగితం మీద కాదు, నిజంగానే హక్కు పోయింది. అయినా ముప్పై ఏళ్ళు దొర గడిలో చేసినవాడికి దొర గొంతు వినగానే కాళ్ళు వాటంతట అవే లేస్తాయి, తువ్వాలు భుజం మీంచి కిందికి దిగుతుంది. అతను వెట్టివాడు కాదు, కానీ ఒళ్ళు ఇంకా వెట్టి మర్చిపోలేదు. అతనికి కావాల్సింది మళ్ళీ విడుదల కాదు, అది అయిపోయింది. పిలుపు వినబడిన ప్రతిసారీ నేను వెళ్ళక్కర్లేదు అని గుర్తుపట్టి, కూర్చున్న చోట కూర్చోవడం నేర్చుకోవాలి. మొదట్లో ఒళ్ళంతా వణుకుతుంది, అది సహజం.

అదే పదకొండో వచనం: "అటువలె మీరును పాపము విషయమై మృతులుగాను, దేవుని విషయమై క్రీస్తుయేసునందు సజీవులుగాను మిమ్మును మీరే యెంచుకొనుడి." రోమా పత్రిక మొదలైన దగ్గర్నుంచి ఇంతవరకూ పౌలు మీరు ఇది చేయండి అని మనకి చెప్పింది దాదాపు ఏమీ లేదు, ఐదు అధ్యాయాలు దేవుడు ఏం చేశాడో చెప్తూ వచ్చాడు, మొదటి పని చెప్పింది ఇక్కడ. ఆ మొదటి పని కూడా ఏదో సాధించమని కాదు, జరిగిన దాన్ని జరిగిందని లెక్కలో వేసుకోమని. కొందరు దీన్ని నేను చనిపోయాను నేను చనిపోయాను అని జపంలాగా వందసార్లు అనుకోవడం అనుకుంటారు, అనుకుని అనుకుని నిజం చేసేద్దామని. అలా కాదు, మనం నమ్మడం వల్ల అది నిజం అవ్వదు, అది నిజం కాబట్టి నమ్ముతున్నాం. నా ఫీలింగ్ ఈరోజు ఎలా ఉన్నా, ఆయన్ని సిలువ వేసిన గొల్గొతాలో జరిగింది మారదు.

పదమూడో వచనం దగ్గరికొస్తే పౌలు ఇంకా కిందికి, ఒంటి దగ్గరికి దిగిపోతాడు, మీ అవయవాలు పాపానికి అప్పగించకండి, దేవునికి అప్పగించండి అని. అవయవాలు అంటే కాళ్ళు, చేతులు, కళ్ళు, నాలుక. ఒక అన్న ఉన్నాడనుకోండి, తాగుడు మానేసి బాప్తిస్మం తీసుకున్నాడు, సాయంత్రం ఏడింటికి పని నుంచి బండి మీద వస్తుంటే ఆ సందు మలుపులో వైన్ షాపు లైట్లు, ముందు నలుగురు పాత స్నేహితులు, గొంతు ఎండిపోతుంది. ఆ క్షణంలో అతను నాకసలు తాగాలనే లేదు అని నటించక్కర్లేదు. ఉంది, బాగా ఉంది. అతను చెప్పుకోవాల్సింది ఏంటంటే, ఇది నన్ను పిలుస్తుంది కానీ దీనికి నేను చెందను, ప్రభువా నా చెయ్యి నీది, ఈ హ్యాండిల్ నీది అని, ఆ మాట అంటూనే యాక్సిలరేటర్ తిప్పి ముందుకి వెళ్ళిపోవడం. రేపటి నుంచి ఇంకో రోడ్డున రావడం. ఇంటికెళ్ళాక సంఘంలో ఒక పెద్దాయనకి ఫోన్ చేసి ఈరోజు బాగా కష్టమైంది అన్నా, ప్రార్థన చేయండి అని చెప్పడం. ఇదంతా విశ్వాసం తక్కువై చేసే పని అనుకోవద్దు, అవయవాలు అప్పగించడం అంటే ఇదే. తాగుడుకి డాక్టర్ దగ్గరికి వెళ్ళి మందులు తీసుకోవాల్సి వచ్చినా అంతే, ఆ కాళ్ళని ఆస్పత్రి వైపు నడిపించడం కూడా దేవునికి అప్పగించడమే.

ఇక్కడ కొలొస్సయ మూడో అధ్యాయం చదివితే ఇంకా స్పష్టమవుతుంది. మూడో వచనంలో మీరు మృతిపొందితిరి అంటాడు, రెండే వచనాల తర్వాత ఐదులో మీ అవయవాల్ని చంపివేయుడి అంటాడు. చనిపోయినవాళ్ళు మళ్ళీ చంపడమేంటి అని అనిపిస్తుంది. యుద్ధం ఉంది, లేదని పౌలు ఎప్పుడూ అనలేదు, కాకపోతే ఆ యుద్ధం గెలిచిన వైపు నిలబడి చేసేది. మనం తలకిందులు చేసి, ముందు నేను అన్ని చెడ్డ అలవాట్లు చంపేస్తాను, అప్పుడు నేను క్రీస్తుతో చనిపోయినవాడిని అవుతాను అంటాం. ఆ వరస మార్చినందుకే ఇంత అలసట. రోమా ఎనిమిది పదమూడులో ఎవరి బలంతో చంపాలో కూడా చెప్పాడు, ఆత్మ చేత అని. ఏడో అధ్యాయంలో "అయ్యో, నేనెంత దౌర్భాగ్యుడను" అని ఏడ్చిన మనిషి విశ్వాసియా, అవిశ్వాసియా అన్నది సంఘంలో ఎప్పటి నుంచో నడుస్తున్న వాదం, కానీ ఆ అధ్యాయంలో "నేను" అనే మాట ఎంత ఎక్కువో, ఆత్మ ప్రస్తావన ఎంత తక్కువో ఒకసారి చూడండి, ఎనిమిదికి వచ్చేసరికి అది తిరగబడుతుంది. సొంత బలంతో ధర్మశాస్త్రాన్ని మోయబోతే ఎవరికైనా పట్టే గతి అదే అని నేను చదువుకుంటాను.

ఈ బోధని తప్పుగా వాడటం గురించి ఒకటి గట్టిగా చెప్పాలి. ఇంట్లో భర్త తాగొచ్చి కొడుతుంటే ఆ చెల్లెమ్మ వచ్చి చెప్పుకుంటే, నువ్వు నీ స్వార్థానికి చనిపోవాలమ్మా, క్రీస్తుతో సిలువ వేయబడ్డావు కదా, భరించు అని పంపేసేవాళ్ళున్నారు. రోమా ఆరులో చనిపోయింది పాపం కింద బానిసగా ఉన్న పాత మనిషి, దేవుడు తన పోలికలో చేసిన ఆ మనిషి విలువ కాదు. ఆ ఇంట్లో ఈ అధ్యాయం ఎవరికి వినిపించాలి? ఆ చెయ్యి ఎవరిదో వాళ్ళకి. దుర్నీతికి అప్పగించిన అవయవం అక్కడ అతని చెయ్యి. ఆమెకి కావాల్సింది రక్షణ, ఆసరా, అవసరమైతే పోలీసులు.

ఇంకో తప్పు, పడిపోయిన ప్రతిసారీ మళ్ళీ బాప్తిస్మం. ఒక సంఘంలో తీసుకున్నారు, పడ్డారు, ఇంకో దైవజనుడి దగ్గర ఇంకోసారి, ఈసారి నిజంగా చనిపోతానని. క్రీస్తు ఒక్కమారే చనిపోయాడు, ఆయన మరణంలోకి పెట్టబడటం కూడా ఒక్కసారే. నువ్వు పడిపోయినప్పుడు సిలువ రద్దయిపోలేదు. అలాగని ఇక ఎలా బతికినా పర్లేదు అని చెప్పేవాళ్ళ మాటా నేను ఒప్పుకోను, విడుదల పొందినవాడు పాత దొర గడి వాకిట్లోనే చాప వేసుకుని పడుకుంటే అతను విడుదలని అర్థం చేసుకోలేదనే అర్థం. ఇక నాలో పాపమే లేదు అనేవాళ్ళకి మొదటి యోహాను ఒకటో అధ్యాయం ఎనిమిదో వచనం చాలు, అలా అంటే మనల్ని మనమే మోసం చేసుకుంటున్నాం అని ఉంది, ఆ తర్వాతి వచనంలోనే ఒప్పుకుంటే క్షమించి పవిత్రుల్ని చేస్తాడు అని కూడా ఉంది.

నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల వచ్చినప్పుడు, ఆ వారం తప్పు చేశామని తల దించుకుని రొట్టె తీసుకోకుండా కూర్చుండిపోయేవాళ్ళు ప్రతి సంఘంలో కనిపిస్తారు. పౌలు మొదటి కొరింథీయుల పదకొండులో తన్ను తాను పరీక్షించుకుని ఆ రొట్టె తినమన్నాడు, పరీక్షించుకుని మానేయమనలేదు. పాపం దాచుకుని, వదలనని మొండిగా కూర్చుని తీసుకోవడం ప్రమాదమే. కానీ విరిగిన మనసుతో ఒప్పుకున్నవాడు ఆ బల్లకి దూరంగా ఉంటే ఇక ఎక్కడికి వెళ్తాడు? ఆయన మరణం మన మరణం అని నోటికి అందించి చెప్పేది అక్కడే. కాబట్టి అన్నా, అక్కా, వచ్చే బల్ల ఆదివారానికి ముందు శనివారం రాత్రి ఇంట్లో అందరూ కూర్చుని రోమా ఐదు పన్నెండు నుంచి ఎనిమిది పదిహేడు దాకా ఒక్క బిగిన పైకి చదవండి, పిల్లలు చదివితే ఇంకా మంచిది, అరగంట కూడా పట్టదు. అర్థం కాని చోట ఆగిపోవద్దు, రోమాలో ఉన్నవాళ్ళు మొదటిసారి విన్నది కూడా అలా ఒకరు చదువుతుంటేనే.